తర్వాతి పేజీ

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. చెబితే నవ్వుతారేమో. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి కాపురమూ కూల్చలేదు. కొంతమంది పిల్లల చేత వేదిక మీద ఒక పాఠం చదివించాను, అంతే. చదివించానని అందరూ అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటున్నారు. అందుకు నన్ను చూసి మురిసిపోయే మనిషి ఒకావిడ నదికి అవతల, తన్లిన్‌లో ఉంది. ఆవిడ మురిసినప్పుడల్లా ఆ బరువు ఇంకాస్త పెరుగుతుంది. నా పేరు మాత్రం అడక్కండి.

ముందే ఒక మాట. నేను తల వంచుకుని ఈ మాటలు రాయడం లేదు. నాకు గర్వం ఎక్కువ. మా ఇంట్లో అనుకున్న పని అనుకున్న రోజుకి చేసి చూపించింది నేనొక్కదాన్నే. మా ముత్తాత రేవులో బస్తాలు మోయడానికి సముద్రం దాటి బర్మాలోని ఈ యాంగోన్ వచ్చాడు. ఆ తర్వాత మా వాళ్ళంతా కలలు కన్నారు. మా నాన్న లమ్మడా పేటలో టీకొట్టు ముందు పొట్టి స్టూలు మీద కూర్చుని, కప్పులో టీ చల్లారిపోయేదాకా తను పెట్టబోయే బట్టల దుకాణం గురించి చెప్పేవాడు. దానికి పేరు పెట్టాడు. బోర్డుకి ఏ రంగు వేయించాలో కూడా తేల్చాడు. దుకాణం మాత్రం రాలేదు. ఆయన్ని చూసి పెరిగాను కాబట్టి కలలంటే నాకు ఒళ్ళు మంట. మా ఆఫీసులో శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన ఒకసారి, కలకి గడువు పెట్టుకుంటే అదే లక్ష్యం అవుతుందని చెప్పాడు. హాల్లో మిగతావాళ్ళు ఆవలించారు. నాకు మాత్రం నా జాతకం ఎవరో చదివి చెప్పినట్టుంది.

పైడమ్మత్త మా నాన్న చెల్లెలు. ఆవిడదీ కలే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు తెలుగు చదవాలి. పిల్లలకి వింటే అర్థమవుతుంది, జవాబు బర్మీస్‌లో చెబుతారు. చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. నిజం చెప్పాలంటే గుడి పెద్దల్లో కూడా ఎవరికీ రాదు. అత్తకి వాళ్ళ నాన్న నేర్పాడు, నాకు అత్త నేర్పింది. ప్రతి ఆదివారం తన్లిన్‌లో బస్సెక్కి, వంతెన దాటి, లమ్మడాలో మా అమ్మవారి గుడి మేడ మీది గదికి వచ్చేది. పలకల మీద అక్షరాలు దిద్దించేది. ఎప్పటికొస్తాయత్తా వీళ్ళకి అంటే నవ్వి, వస్తాయిలే అనేది. ఏళ్ళు గడిచాక ఆ గదిలో మాటలు కూడబలుక్కుని చదివే స్థాయికి వచ్చింది నాగమణి అనే ఒక్క పిల్ల.

అప్పుడు గుడి పెద్దలు కబురు పెట్టారు. సరుకు దాచుకోవడానికి ఆ గది హోల్‌సేల్ వాళ్ళు అడుగుతున్నారు, పిల్లలేమైనా నేర్చుకుంటే చూపించండి, లేదంటే ఇచ్చేస్తాం అన్నారు. అత్త బిక్కమొహం వేసింది. నేను లేచి నిలబడ్డాను. అమ్మవారి పండగనాటికి ప్రతి పిల్లా వేదిక మీద వాచకంలో ఒక పాఠం తడుముకోకుండా చదువుతుందని చెప్పాను. పండగ అయ్యేదాకా అత్తని ఇంటి దగ్గరే ఉండమని, గది నేను అందుకున్నాను.

మొదట్లో నిజంగానే అక్షరాలు నేర్పాను. నమ్మండి. గుణింతాల దగ్గర బండి ఆగిపోయింది. పండగ దగ్గరకొచ్చేసింది. పలకలు పక్కన పెట్టించాను. పాఠం నేను చదివాను, వాళ్ళని వెనకే అనమన్నాను. ఇంట్లో వింటున్న భాషే కదా, పాటలా పట్టేశారు. పిచ్చుక గూడు కట్టిన పాఠం అది. వేలు ఏ మాటకి ఎక్కడ ఉండాలో నేర్పాను. గాలివాన మొదలైందనే మాట దగ్గర పేజీ తిప్పాలని నేర్పాను. నాగమణి ఒక్కతే ఆ ఆటలోకి రాలేదు. అది నిజంగా చదివేది, కాబట్టి తడబడేది. మిగతావాళ్ళ పక్కన దాని చదువు చదువులాగే లేదు. నీకు రావడం లేదు, నువ్వు దీపాలు చూసుకో అన్నాను. ఆ గదిలో చదవడం వచ్చిన ఒక్క పిల్లతో ఆ మాట ఎలా అనగలిగాను? అన్నాను. గొంతులో తడబాటు కూడా లేదు. పండగ తర్వాత ఆ పిల్ల మళ్ళీ మెట్లెక్కలేదు. పెళ్ళయి మౌల్మీన్ వెళ్ళిందని విన్నాను.

పండగనాడు పిల్లలు అదరగొట్టారు. ఒక పెద్దాయన పుస్తకం ఇలా ఇమ్మని తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, తల పంకించి తిరిగిచ్చేశాడు. ఆయనకి చదవడం రాదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే కదా దిగాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. గది మాకే ఉండిపోయింది. ముందు వరసలో కూర్చున్న అత్త పైటచెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తర్వాత మేడ మీంచి పలకల సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇక తనతో పని లేదని, తన కల నేను తీర్చేశానని అంది. సంబరంగా బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పాఠం చెప్పడానికి రాలేదు.

ఆవిడని నేను వెళ్ళగొట్టలేదు. ఆవిడే వెళ్ళింది. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ అబద్ధాన్ని చూసి మురిసి వెళ్ళిన మనిషిని వెనక్కి పిలవకపోవడాన్ని ఏమంటారు? బస్సు కదలక ముందు చెప్పొచ్చు. మర్నాడు వెళ్ళి చెప్పొచ్చు. మరుసటి ఏడు ఇంకో పాఠం, ఇంకో జట్టు పిల్లలు, అదే చప్పట్లు. గది నిలబెట్టింది నేనేనని గొప్పగా ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచను. నాలుగు మాటలు పలకడానికి సిగ్గుపడే పిల్లలు జనం ముందు గొంతెత్తి తెలుగు పలికారు. అది అబద్ధం కాదు. కానీ అత్త కన్న కల అది కాదు. నేను లక్ష్యం పెట్టుకున్నప్పుడు ఆవిడ కలకి గడువు పెడుతున్నాననుకున్నాను. నిజానికి గడువులో పట్టేలా ఆ కలనే కత్తిరించేశాను. చదవడం తీసేసి, తడుముకోకపోవడం ఉంచాను.

పోయిన వానాకాలానికి అత్త కళ్ళు మసకబారాయి. నీ పిల్లల్లో ఎవరినైనా తీసుకురా, కూర్చుని చదివి వినిపిస్తారు అని అడగడం మొదలుపెట్టింది. వానలని, బస్సుల్లేవని, కరెంటు లేదని నీళ్ళు నములుతూ వచ్చాను. చివరికి రమణ దొరికాడు. ఆ మొదటి పండగలో చదివినవాడే, ఇప్పుడు లత పేటలో ఫోన్ల షాపులో పని చేస్తున్నాడు. నన్ను ఇంకా సయామా అనే పిలుస్తాడు, టీచరమ్మా అని. తనకి చదవడం రాదని వాడికి తెలుసు. నాకూ తెలుసు. ఆ పిచ్చుక పాఠమే అప్పజెప్పు, చాలు అన్నాను. అంటే మళ్ళీ అదే పని చేశాను.

అత్త పాత వాచకం వాడి ఒళ్ళో పెట్టింది. రమణ వేలు పెట్టి మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళయినా ఒక్క మాట పొల్లుపోలేదు. గాలివాన దగ్గర పేజీ తిప్పాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఛాతీ ఉప్పొంగింది. పాఠం అయిపోయింది. అత్త కళ్ళు మూసుకునే ఉంది.

"బాగా సదివేవు నాయనా. ఇది నాకూ నోటికొచ్చు. ఆ తరవాత పేజీ సదువు. గాలివానకి గూడు పడిపోయినాక ఆ పిచ్చిక పిల్లలు ఏటయిపోనాయో మర్చిపోనాను."

రమణ పేజీ తిప్పాడు. వేలు మొదటి వరస కింద పెట్టాడు. అక్కడే ఆగిపోయింది. "సయామా" అన్నాడు నా వైపు చూసి.

"ఏటే, ఆగిపోనాడు?"

"వాడికి గొంతు పట్టేసింది అత్తా. ఇలా ఇయ్యి రమణా, నేను సదువుతాను."

"నువ్వొద్దే. నీకొచ్చని నాకు తెల్దేటి? నువ్వు నేర్పిన పిల్లలు సదివితే ఇనాలని గదా నా ఆశ. గొంతు బాగయినాకే రమ్మను. నానెక్కడికి పోతాను, ఉంతాను."

మేం బయటికొస్తుంటే పక్కింటావిడతో, మా మేనకోడలి శిష్యుడు, తెలుగు గలగలా సదివేస్తాడు అని చెప్పడం వినిపించింది.

వంతెన మీద బస్సు ఆగి ఆగి నడుస్తోంది. రమణ బర్మీస్‌లో అడిగాడు, సయామా, ఆ పిచ్చుక పిల్లలు ఏమయ్యాయి అని. ఆ పాఠం రెండు భాగాలు. పండగకి మొదటిది చాలని రెండోది నేనే వదిలేశాను. ఇన్నేళ్ళూ గూడు పడిపోయిన చోటే వాడికి కథ ఆగిపోయింది. చెప్పబోయి ఆగాను. ఆదివారం గదికి రా అన్నాను.

వస్తున్నాడు. చిన్నపిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని దిద్దుతున్నాడు. పలకలు మళ్ళీ బయటికి తీశాను. ఈసారి పండగకి మా పిల్లలు వేదిక ఎక్కరని పెద్దలకి చెప్పేశాను. గది ఉంటుందో పోతుందో తెలియదు. ఎప్పటికొస్తాయి వీళ్ళకి అని నన్నిప్పుడు అడిగితే నేనూ అత్తలా వస్తాయిలే అనాల్సిందే. గడువు లేకుండా బతకడం నాకు చేతకాదు. పైగా అత్త వయసు నాకు తెలుసు.

అత్తకి ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. ఇలా తెలుగులో రాయడంలో కూడా నా తెలివి ఉంది, గమనించే ఉంటారు. ఈ చుట్టుపక్కల నేను కాక దీన్ని చదవగలిగిన ఒకే ఒక్క మనిషికి కళ్ళు కనపడవు. చదివి వినిపించేవాళ్ళు లేకుండా చేసింది నేనే. నా తప్పే నా తప్పుని కాస్తోంది.

అయినా రాశాను. నా పిల్లలకి చదవడం రాదు, నేను నేర్పలేదు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టేసరికి భుజాల మీది బరువు కాస్త దిగింది. రమణ ఇప్పుడు గుణింతాల దగ్గర ఉన్నాడు. తడుముకుంటూనే మాటలు కూడబలుక్కునే రోజు వస్తే, వాణ్ణి తన్లిన్ తీసుకెళ్తాను. ముందు పిచ్చుక పిల్లల పేజీ చదువుతాడు. తర్వాత చదవమని ఈ కాగితాలు వాడి చేతికిస్తాను.