ధనియాల పూత మీద మందు

కోకంద్ పట్టణం చివరి వీధిలో సనోబర్ పెరడంటే ఆడవాళ్లకి బడి లాంటిది. పట్టు మిల్లులో పని మానేశాక ఆవిడ ధ్యాసంతా పెరటి మీదే. టమాటా మొదళ్లలో తులసి జాతి రేహాన్ ఆకు, దోసపాదు పక్కన సోయికూర, గట్ల మీద బంతి, బంగాళాదుంప సాళ్ల మధ్య ధనియాలు. ఏ వాసనకి ఏ పురుగు తప్పుకుంటుందో, ఏ పూతకి అక్షింతల పురుగులు వచ్చి పేనుబంకని తినేస్తాయో ఓపిగ్గా చెప్పేది.

"నా పెరట్లోకి పురుగుమందు సీసా అడుగుపెట్టదు," అని ఆవిడ అనని రోజు లేదు. పక్కింటి తుర్సునాయ్‌కి మొక్కలకి పురుగుమందు కొట్టే అలవాటు. "దాని టమాటాలు సబ్బుతో కడుక్కు తినండర్రా," అనేది సనోబర్. అందరూ నవ్వేవాళ్లు. తుర్సునాయ్ కూడా నవ్వేది, ఇంకేం చేస్తుంది.

ఆ యేడు వసంతంలో దుంప మొక్కల మీద చారల పెంకుపురుగు దిగింది. ధనియాల వాసనని లెక్కచెయ్యలేదు. ఆకుల అడుగున గుడ్లని సనోబర్ వేళ్లతో నలిపేసేది. తెల్లారేసరికి ఎర్రటి పిల్లపురుగులు మళ్లీ పాకుతుండేవి. ఆదివారం వీధి ఆడవాళ్లంతా ఆమె పెరట్లోనే పలావు వండుకోవాలనుకున్నారు. అప్పటికి ఈనెలే మిగిలిన మొక్కలు వాళ్ల కంటబడతాయన్న ఊహకే ఆమెకి ముద్ద దిగలేదు. తలగుడ్డ ముఖం మీదకి లాక్కుని, తననెవరూ ఎరగని పక్కూరి బజారులో మందు కొనుక్కొచ్చి, తెల్లవారుజామున కొట్టేసింది. ధనియాలు విరగబూసి ఉన్నాయి. చూడక కాదు, చూసే కొట్టింది.

ఆదివారం అందరూ మెచ్చుకున్నారు. "ఒక్క పురుగైనా లేదు చూడండి. ఈవిడ చేతిలోనే ఏదో ఉంది," అన్నారు. సనోబర్ టీ పోస్తూ తల వంచుకుంది. వినయమనుకున్నారు.

పలావు దించే వేళకి ఎర్గాష్ వచ్చాడు. వీధి మలుపులో తేనెపెట్టెలు పెట్టుకుని బతికే ముసలాయన. గుమ్మంలోనే ఆగి, చేతిలోని టోపీ ముందుకు చాపాడు. దాన్నిండా చచ్చిన తేనెటీగలు.

"పెట్టెల ముందు కుప్పలు పడి ఉన్నాయమ్మా. ఎవరో పూత మీద మందు కొట్టారు. నీ పెరటికే కదా వెళ్తాయని నేను ధీమాగా ఉన్నాను. దారిలో ఎక్కడ వాలాయో."

అందరి చూపులూ తుర్సునాయ్ మీదకి మళ్లాయి.

"నేను కొట్టలేదు," అంది ఆమె. "ఈ యేడు ఇంకా పంపు బయటికే తియ్యలేదు."

"నువ్వు కాకపోతే ఈ వీధిలో ఇంకెవరు కొడతారే? ముసలాయన పొట్ట కొట్టావు కదే," అంది ఒకావిడ.

"నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి." తుర్సునాయ్ చెప్పులు వెతుక్కుని గేటు వైపు నడిచింది.

తుర్సునాయ్ గేటు గడియ తీసేదాకా సనోబర్ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మందు కొట్టినందుకన్నా, ఆ కాసేపు నిలబడినందుకే ఆ తర్వాత ఆమె ఎక్కువ కుమిలింది.

"ఆగు తుర్సునాయ్," అంది చివరికి. "కొట్టింది నేను."

"ఊరుకో అక్కా. దాన్ని వెనకేసుకు రాకు," అన్నారు ఆడవాళ్లు. తన అబద్ధాన్ని అంతగా నమ్మారు వాళ్లు. రొట్టెల పొయ్యి వెనక దాచిన సీసా తెచ్చి చాప మీద పెట్టాకగానీ ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. ఒకావిడ పళ్లెం మెల్లిగా పక్కకి జరిపింది.

తుర్సునాయ్ గేటు దగ్గర్నుంచే అంది. "నా టమాటాలు సబ్బుతో కడిగించావు కదక్కా ఇన్నేళ్లూ. నీ చేతులు దేంతో కడుక్కుంటావు?"

ఎర్గాష్ తిట్టలేదు. "ధనియాలు పూశాయని పెట్టెల్ని నేనే ఇటు తిప్పాను," అని మాత్రం అన్నాడు. టోపీ రెండు చేతులా పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సనోబర్ పూసిన ధనియాలన్నీ కోసి, ఇంకే తేనెటీగా వాలకుండా గోతిలో పూడ్చింది. ముసలాయన ఇంటికి వెళ్లింది. ఆయన టీ ఇచ్చాడు, చెప్పిందంతా విన్నాడు. ఎండాకాలం రాకముందే మిగిలిన పెట్టెల్ని కాలవ అవతలికి మార్చేసుకున్నాడు.

తుర్సునాయ్ ఆకురాలే కాలం దాకా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినా, పెరటి సంగతి ఎత్తేది కాదు.

మొక్కల గురించి కొత్త కోడళ్లెవరైనా అడిగితే, సనోబర్ ముందు తను మందు కొట్టిన సంగతి చెప్పేది. ఆ తర్వాతే బంతి నారు చేతికిచ్చేది. ఎర్గాష్ మాత్రం సైకిల్ మీద వెళ్తూ ఎప్పట్లాగే, "బావున్నావా సనోబర్ తల్లీ," అని పలకరించేవాడు. ఆ పలకరింపునే ఆమె తట్టుకోలేకపోయేది. సైకిల్ గంట వినబడితే లోపలికి వెళ్లిపోయేది.