స్కూటరెక్కిన సిరా

మా పక్కింటి లెక్కల మాస్టారు, నేను పాలకొల్లులో ఒకే స్కూల్లో పనిచేసి రిటైరయ్యాం. నాది డ్రాయింగు. ఆయన శుక్రవారం మసీదుకీ, నేను ఆదివారం లూథరన్ చర్చికీ వెళ్తాం. మిగతా రోజుల్లో పిట్టగోడకి అటొకరు ఇటొకరు నిలబడి దెబ్బలాడుకుంటాం.

పోయిన వానాకాలం, వాళ్ల తాతగారు చేత్తో రాసిన పవిత్ర గ్రంథానికి చెద పట్టింది. పోయింది మొదటి పుట ఒక్కటే, కానీ అందమంతా ఆ పుటలోనే ఉండేది. మాస్టారు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత, "అక్షరాలు నేను రాస్తానండి, చుట్టూ బంగారు అంచు మీరు వెయ్యాలి" అన్నారు. అరబ్బీ రాత ఆయనకి తండ్రి నేర్పారు. ఆయన తన కూతురికి నేర్పారు గానీ, ఉద్యోగంలో పడ్డాక ఆ అమ్మాయి కలం పట్టింది లేదు.

అంతా పాతకాలపు పద్ధతిలోనే జరగాలన్నారు. సరే, కాటుక పట్టడం నాకేమన్నా కొత్తా? ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టించాను. ఆయన దాన్ని తుమ్మబంక నీళ్లతో నూరి సీసాలో పోశారు. అక్కడ మొదలైంది తంటా. మసీ బంకా బాగా కలవాలంటే రోజుల తరబడి కుదుపు ఉండాలట. పూర్వం సిరా సీసాని ఒంటెకి కట్టి మక్కా యాత్రకి పంపేవారట!

"పాలకొల్లులో ఒంటె ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాను.

"మా అమ్మాయి స్కూటరుంది కదండీ."

అమ్మాయి భీమవరంలో రొయ్యల మేత ఆఫీసులో పనిచేస్తుంది. అలా సిరా సీసా టిఫిను డబ్బా పక్కన కూర్చుని రోజూ భీమవరం వెళ్లొచ్చేది. మన రోడ్ల సంగతి తెలిసిందే, ఏ ఒంటే అంత కుదపలేదు. అయినా సాయంత్రం మాస్టారు సీసాని ఎడంచేత్తో వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంకా పదును రాలేదండి" అనేవారు.

నాకసలే ఓపిక తక్కువ. బంగారు రేకు తేనెలో నూరి అంచంతా వేసేశాను. "పెళ్లికొడుకు రాకుండానే పందిరేశారేంటండీ? ముందు అక్షరం, తర్వాత అలంకారం!" అని కోప్పడ్డారు. ఈలోగా రోడ్డు బాగుచేశారు. ఊరంతా సంబరపడుతుంటే, "ఇక సిరా కలిసినట్టే" అని మాస్టారొక్కరే నిట్టూర్చారు.

నాకు తిక్క రేగింది. "ఈపాటికి ఏ ఒంటైనా మక్కా వెళ్లొచ్చి మనవల్ని కూడా చూసుకునేదండీ! మీరు రాస్తారా, రాయరా?"

ఆయన ఈమధ్య ఎప్పుడూ తువ్వాలు చాటునే ఉంచుకుంటున్న కుడిచెయ్యి తీసి పిట్టగోడ మీద పెట్టారు. అది వణుకుతోంది.

"సిరా ఎప్పుడో సిద్ధమైందండి, టీచరుగారూ. చెయ్యే సిద్ధంగా లేదు. ఆ పుట నా చేతుల మీదుగా పాడైపోతుందేమోనని భయం."

నోరు పారేసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడే స్కూటరు దిగిన అమ్మాయి అంతా విన్నట్టుంది. హెల్మెట్ తీసి, "నేను రాస్తాను అబ్బాజాన్. మీరు పక్కన కూర్చోండి, చాలు" అంది.

నెల రోజులు చిత్తుకాగితాలు ఖరాబు చేశాక, ఒక ఆదివారం నా బంగారు అంచు మధ్యలో అసలు రాత మొదలుపెట్టింది. కిక్కస గడ్డి పుల్లతో చెక్కిన కలం కిర్రుకిర్రుమంటోంది. కలం మొనతో పెట్టిన చుక్కే కొలతగా, ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తుండాలో మాస్టారు లెక్కల క్లాసులో లాగే చెబుతున్నారు. నేను సీసా దగ్గర కూర్చుని చూస్తున్నాను. సగంలో సిరా పలచబడింది. మసి అడుక్కి దిగిపోతోంది.

సీసా కుదపబోయాను. "ఇటివ్వండి" అని మాస్టారు మూత బిగించి దాన్ని కుడిచేత్తో పట్టుకున్నారు. ఆ చెయ్యి దాని మానాన అది వణుకుతూనే ఉంది. పంక్తి పంక్తికీ అమ్మాయి ఆ సీసాలోంచే చిన్న గిన్నెలోకి నాలుగు చుక్కలు పోసుకుంది. చివరి అక్షరం దాకా సిరా నల్లగా నిగనిగలాడింది.

పుట పూర్తయ్యాక కూడా మాస్టారు ఆ చెయ్యి దాచుకోలేదు. సీసాని పైకెత్తి నాకు చూపించి నవ్వారు.

"ఒంటె ఇంట్లోనే ఉందండీ టీచరుగారూ!"