తగ్గించండి అనే మాట

ఐసు షెడ్డు యజమానికి ఇరవై ఏళ్ల జైలు పడిన రోజు సాయంత్రం, మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకే లెక్క అడిగారు. మా పల్లెలో ఎవరికి ఎన్నేళ్లో, ఎవరు ఏ తుఫానుకు ముందు పుట్టారో నన్నే అడగడం అలవాటు. నలభై ఏళ్లు ఎండు చేపల వ్యాపారం చేశాను. ఎవరైనా తేదీ తప్పు చెబితే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

"అక్కా, ఆయనకిప్పుడు ఎన్నేళ్లు?"

"యాభై నాలుగు."

"ఇరవై కలిపితే?"

"డెబ్బై నాలుగు. బెయిలుకి ముందు లోపలున్న మూడు నెలలూ తీసేస్తారు."

"అయ్యో పాపం, షుగరు మనిషి!"

మూడు నెలలు తగ్గుతాయని విని కొందరు కాస్త తేరుకున్నారు. ఒకామె మాత్రం అన్నాళ్లూ ఊరికి ఐసు ఎవరిస్తారని నన్నే నిలదీసింది, శిక్ష వేసింది నేనే అన్నట్టు.

ఆయన చేసిందేమిటో కూడా చెప్పాలి. నా మనవరాలికి, అంటే నా కూతురి బిడ్డకు, అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ చేపలకు ఐసు తెమ్మని పంపితే, ఆ షెడ్డులో బిడ్డ మీద అత్యాచారం చేశాడు. ఇంతకు మించి నేను రాయను. మిగతాది బిడ్డే కోర్టులో చెప్పింది.

కోర్టుకంటే ముందు చెప్పింది బడిలో టీచరమ్మకు. ఆమె అదే రోజు పోలీసులకు ఫోన్ చేసింది. అసలు తప్పు ఇదేనని మా ఊరు తేల్చింది. గంగమ్మ గుడి ముందు ఇసుకలో పెద్దలు కూర్చున్నారు. ఊరికి చెప్పకుండా స్టేషనుకి వార్త ఎట్టా పోయిందన్నది మొదటి విచారణ. ఐసు ఆగిపోతే వేట సంగతేమిటన్నది రెండోది. బిడ్డ సంగతి మూడోది. అది మొదలయ్యేలోగా టీ వచ్చింది.

మూడు నెలలకు షెడ్డు యజమాని బెయిలు మీద తిరిగొచ్చి, షెడ్డు ముందు ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. గుడికి మైకుసెట్టు కొనిచ్చింది ఆయనే కనుక, ప్రతి శుక్రవారం పూజ ముందు మైకులో ఆయన పేరు రెండుసార్లు వినిపించేది. నా కూతురికి ఐసు మాత్రం పుట్టేది కాదు. గడ్డలు కళ్లెదుటే ఉన్నా "అయిపోయింది వదినా" అనేవాడు షెడ్డులో పనివాడు. నా కూతురు జువ్వలదిన్నె దాకా ఆటోలో పోయి ఐసు తెచ్చుకునేది. మా బిడ్డ బడికి పోవడానికి నేరుగా ఉన్న సందు వదిలేసి, సముద్రం ఒడ్డున పడవల చాటున చుట్టూ తిరిగి పోయేది. ఎందుకు ఆలస్యమైందని టీచరమ్మ ఒక్కనాడూ అడగలేదు.

ఇక్కడ మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఎవడైనా తప్పు చేస్తే పెద్దలు ముందు పెద్ద జరిమానా వేస్తారు. తప్పు చేసినవాడు ఇసుకలో బోర్లా పడుకుంటాడు. అప్పుడు నష్టపోయిన ఇంట్లో అందరికంటే పెద్ద ఆడది లేచి "తగ్గించండి" అనాలి. అనగానే జరిమానా సగమవుతుంది. పడుకున్నవాడు లేచి ఇసుక దులుపుకుంటాడు. ఆ మాట ఆమె అనకపోతే తప్పు చేసినవాడి ముఖం ఎవరూ చూడరు, ఆమె ముఖమే చూస్తారు. మా వలలు కోసినవాడికి నేనూ ఒకసారి ఆ మాట అన్నాను. వలలు కనుక అన్నాను.

ఊరి పెద్ద మా ఇంటికి వచ్చాడు. నాకంటే పదకొండేళ్లు చిన్న.

"ఏదో పొరపాటు జరిగిపోయినాది అక్కా. ఆయన ఇసకలో పడుకుంటానన్నాడు. నువ్వు ఒక్క మాట అను. పాప కోర్టులో జ్ఞాపకం లేదంటే సరిపోతాది."

"పొరపాటంటే కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం రా అబ్బయ్యా."

"ఎంత పెద్దమనిషి అక్కా! నీ కాళ్ల కాడ పడుకుంటానంటుంటే!"

"పడుకోమను. ఇసక నాది కాదు గదా."

"నీది రాయి గుండె అక్కా."

"కూర్చో, మజ్జిగ తాగి పో."

తాగాడు. మళ్లీ రెండు రోజులకు పెళ్లాన్ని పంపాడు. ఆమెకూ మజ్జిగే ఇచ్చాను.

బిడ్డ జ్ఞాపకం లేదనలేదు. రెండేళ్ల తర్వాత నేరం రుజువైంది. శిక్ష చెప్పే రోజున ఊరి పెద్దలు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నెల్లూరు కోర్టుకి వచ్చారు, పెళ్లిచూపులకు వచ్చినట్టు. జడ్జి ఒక ఆడమనిషి. షెడ్డు యజమాని వకీలు చాలాసేపు ప్రాధేయపడ్డాడు. వయసు, షుగరు, కుటుంబం, చివరికి మైకుసెట్టు కూడా చెప్పాడు.

వకీలు కూర్చోగానే, ఎవరూ చెప్పకుండానే ఆయన కోర్టు నేల మీద బోర్లా పడుకున్నాడు. అక్కడ ఇసుక లేదు, టైల్సు. కానిస్టేబులు మనిషికి ఏమైందోనని కంగారుపడి నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు. ఊరి పెద్ద నిశ్చింతగా నా వైపు తిరిగి, "అక్కా, ఇప్పుడు లేచి మాట చెప్పు" అన్నాడు. చెవిలో చెప్పానని ఆయన అనుకున్నాడు. కోర్టంతా విన్నది.

"ఏం మాట?" అని జడ్జి అడిగింది.

ఊరి పెద్ద చేతులు కట్టుకుని మా కట్టుబాటు అంతా వివరించాడు. చక్కగానే చెప్పాడు. ఆమె చివరిదాకా విని, "ఈ నేరానికి ఇరవై ఏళ్లకు తక్కువ వేసే అధికారం చట్టం నాకివ్వలేదు. ఎవరు అడిగినా తగ్గదు. పెంచే అధికారం మాత్రం ఉంది" అన్నది.

పెంచడం అనే మాట చెవినపడగానే ఊరి పెద్ద కూర్చున్నాడు. అంత త్వరగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

జడ్జి నన్ను చూసి, "మీరేమైనా చెబుతారా?" అన్నది.

"ఏం లేదమ్మా. తగ్గదని చెప్పినారు గదా, అది మావాళ్లకి ఇంకోసారి గట్టిగా చెప్పండి."

చెప్పింది. నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. ఇన్నేళ్లుగా మగవాళ్లు తప్పులు చేస్తే, తగ్గించమని అడిగే పని మా ఆడవాళ్లది. అడగకపోతే రాయి గుండె. ఆ చట్టం రాసినవాళ్లెవరో నాకు తెలియదు. ఆ పని నా మీద నుంచి తీసేశారు. తిరుగు బస్సులో ఊరి పెద్దకు కోపం వచ్చింది నా మీద కాదు, చట్టం మీద. "జడ్జికి కూడా మాట చెల్లకపోతే ఇంక కోర్టెందుకు?" అని కావలి దాకా అంటూనే ఉన్నాడు. బస్సు టికెట్టు మాత్రం నాకూ ఆయనే తీశాడు.

ఆ సాయంత్రం లెక్క అడిగినవాళ్లంతా వెళ్లిపోయాక, బిడ్డ తలుపు వెనక నుంచి వచ్చింది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో.

"అవ్వా, అందరికీ ఆయన లెక్కే చెప్పినావు. ఆయన వచ్చేసరికి నాకెన్నేళ్లు?"

నన్ను ఎవరూ అడగని లెక్క అది. నేనూ వేసుకోలేదు.

"ఇప్పుడు పదకొండు. మూడు నెలలు తీసేసినా ముప్పై దాటతాయి."

"అమ్మకంటే పెద్దదాన్నా?"

"ఇప్పుడున్న మీ అమ్మకంటే ఏడాది పెద్దదానివి."

బిడ్డ వాళ్లమ్మ వైపు చూసింది. నా కూతురు మోకాలి మీద గంప ఆనించుకుని పొలుసులు కడుగుతోంది. నేను కోర్టుకి పోయిన ఆ ఉదయం, ఐసు లేదన్న పనివాడితో పోట్లాడి, ఆ షెడ్డులోనే గడ్డ తూకం వేయించుకుని వచ్చిన మనిషి. బిడ్డ ఆమెను పైనుంచి కిందికి, కొత్త చొక్కా కొలత చూసుకున్నట్టు చూసింది.

"అంత పెద్దదాన్నయితానా!" అన్నది.

మర్నాడు బడి వేళకు నేను గడపలో కూర్చున్నాను. బిడ్డ ఒడ్డు వైపు నాలుగడుగులు వేసి ఆగింది. చెప్పుల్లో ఇసుక దులుపుకుంది. వెనక్కి తిరిగి నేరుగా ఉన్న సందులోకి నడిచింది. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కనుంచే పోయింది. పరుగెత్తలేదు.

ఆ రోజు బడికి గంట కంటే ముందే చేరిందని టీచరమ్మ చెప్పింది.