మనవరాలి కంట్లో తక్కువ పవర్

మా మనవరాలికి నాలుగేళ్లు నిండకముందే ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. మా దగ్గర మోతిబిందు అంటాం. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు కాబట్టి కోడలితో పాటు నిర్మల్ నుంచి కరీంనగర్ ఆసుపత్రికి నేనే వెళ్లాను. సంతకమూ నేనే పెట్టాలి. బడికి పోయింది నాలుగో తరగతి దాకే అయినా, అర్థం కాని కాగితం మీద నేను సంతకం పెట్టను. కంట్లో పెట్టే లెన్స్ పవర్ ఎంత, ఎందుకంత అని డాక్టరమ్మను విసిగించాను.

ఆమె మాత్రం ఓపిగ్గా చెప్పింది. "తాతా, పిల్ల కన్ను ఇంకా పెరుగుతది. ఇయ్యాల సరిగ్గ సరిపోయేది పెడితే పెద్దగైనంక దూరపుది కనపడది. అందుకే జర తక్కువ పెడుతున్న. గా తక్కువను అద్దాలు నింపాలె. పండుకునేటప్పుడు తప్ప తీయొద్దు. మసకగ చూస్తే గా కన్ను చూసుడే నేర్వది."

ఇంతకన్నా వివరంగా ఎవరు చెబుతారు? ఇంటికొచ్చి అందరికీ చెప్పాను, ఫోన్‌లో కొడుక్కూ చెప్పాను. అందరూ సరేనన్నారు.

అద్దాలు రాగానే మొదలైంది. ఎడమవైపు అద్దం మందంగా ఉండి, దాని వెనక కన్ను ఇంత పెద్దగా కనిపించేది. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఆపరేషన్ ఫెయిలైందా అని అడగడమే. భైంసా నుంచి వచ్చిన మా చెల్లెలైతే పిల్ల ముందే, "గింత సీసపెంక పెట్టుకునేదానికి కన్ను ఎందుకు కోయించిన్రు వదినా?" అని నవ్వింది. నా భార్య ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి ఎవరైనా వస్తున్నారంటే చాలు, అద్దాలు తీసి బీరువాలో పెట్టేది. పెళ్లికి పోతే తీసేది, ఫోటోకు తీసేది, కొడుకు వీడియో కాల్ చేస్తే తీసేది. బిడ్డ ముఖం కళగా ఉందని వాడూ అక్కడ మురిసిపోయేవాడు. కన్ను పాడైనా ఫరవాలేదు, ఫోటో బాగుండాలి. థూ.

మొదట్లో అరిచాను. తర్వాత రోజూ ఇంట్లో లొల్లి ఎందుకని పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఆరు నెలలకు మళ్లీ కరీంనగర్ వెళ్లాం. కుడి కన్ను మూసి చూపిస్తే పిల్ల పెద్ద బొమ్మలను కూడా గుర్తుపట్టలేదు. లెన్స్ పవర్ తప్పిందేమోనని కోడలు అడిగింది. డాక్టరమ్మ మళ్లీ కొలిచి, తాను అనుకున్నంతే ఉందని చెప్పింది. ఆ తర్వాత ఆమే పిల్ల ముఖం మీది అద్దాలు తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"ఈ వయసు పిల్లల అద్దాలు ఆరు నెలల్ల గీతలు పడి, కాడలు వంగి వస్తయి. ఇవి కొత్తయి లెక్కున్నయి. పెడుతున్నరా తాతా?"

యాభై ఏళ్ల కిందట ఊళ్లో ఎవరు ఏం మాటన్నారో ఇప్పటికీ అప్పజెప్పగలను. ఆ పిల్ల ముఖం మీద అద్దాలు ఎన్ని రోజులు చూశానో చెప్పలేకపోయాను. నా మీద నాకే రోత పుట్టింది.

"పెట్టలే బిడ్డా" అన్నాను.

పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనంది. అద్దాలతో పాటు, మంచి కన్ను రోజూ కొన్ని గంటలు మూసి ఉంచమంది.

చెల్లెలికి ఫోన్ చేసి, ఆ అద్దాలను చూడలేకపోతే మా గడప తొక్కొద్దని చెప్పాను. రోజూ పొద్దున పిల్ల కుడి కంటికి నేనే పట్టీ అంటిస్తున్నాను. అది గోడలు తడుముకుంటూ ఏడుస్తుంది. దాన్ని ఏడిపించి ఏం సుఖపడతావని నా భార్య దెప్పుతుంది. పళ్లెంలో శనగలు పోసి, ఒక్కొక్కటి ఏరి నా చేతిలో పెట్టమంటాను. నిన్న దాని చెయ్యి తిన్నగా పళ్లెం దాకా వచ్చింది. గింజ మాత్రం దొరకలేదు.