వెనక్కి ఒరిగే పైల్వాన్

మూసీ మీద ఆనకట్ట లేస్తున్న ఏళ్లలో, కేతేపల్లికి కోసెడు దూరంలోని మా ఊరి తాటివనంలో పొద్దు పొడవక ముందే ఒక మనిషి చెట్టు మీద ఉండేవాడు. ఆయన పేరు పెంటయ్య. ముందు పుట్టినవాళ్లెవరూ నిలవకపోతే, ఈ బిడ్డ మీదనైనా చావు కన్ను పడొద్దని తల్లి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి ఎత్తుకుందట. ఆ పేరే నిలిచింది. దేవుని దయవల్ల ఆయనా నిలిచాడు.

కల్లు గీసే పనికి సెలవు లేదు. తాటిగెల కొసను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పలుచగా చెక్కాలి. ఒక పూట తప్పితే గెల అలుగుతుంది, వరుసగా తప్పితే ఎండిపోతుంది. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా గౌండ్లాయన ముందు చెట్టు చూసుకున్నాకే తక్కినవి. పెంటయ్య చెట్టు మొదలును ముట్టుకుని కళ్లకద్దుకుని, కాటమయ్య దేవుణ్ణి తలుచుకుని ఎక్కేవాడు. ఆయన నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టిన లావుపాటి తాడును మోకు అంటారు. దాని మీద భారం వేసి వెనక్కి ఒరిగితేనే అది బిగిసి మనిషిని ఆపుతుంది. భయపడి చెట్టును కావలించుకుంటే మోకు వదులైపోతుంది, మనిషి జారిపోతాడు. అందుకే తండ్రి ఆయనకు నేర్పిన మొదటి మాట, భయమైనప్పుడు వెనక్కి ఒరగమని.

ఇంత పని నెత్తిన ఉన్న మనిషికి కుస్తీ మీద ప్రేమ ఎట్లా పుట్టిందో ఎవరికీ తెలియదు. ఊరి చివర కుస్తీ నేర్పే ఇమామ్ సాబ్ తాలీం ఉండేది. మట్టిగోడలు, తాటాకు కప్పు, లోపల జల్లించిన ఎర్రమట్టి. కప్పుకు ఆకు వేసింది పెంటయ్యే. పొద్దుటి కల్లు దించి, లొట్టి కుండలు భార్య సోమమ్మకు అప్పజెప్పి తాలీంకు పోయేవాడు. ఎండ ముదిరేదాకా అక్కడ మట్టిలో పొర్లి, ఇంత జొన్నగటక తిని ఒక కునుకు తీసి, మళ్లీ చెట్ల కిందికి. పైల్వానుకు పాలు కావాలని గొర్లకాపరి బీరప్ప చెంబెడు మేకపాలు తెచ్చి గడప పక్కన పెట్టి, పిలవకుండానే పోయేవాడు. ఇమామ్ సాబ్ శిష్యులందరి ఒంటికీ నువ్వులనూనె రుద్దేవాడు. చెట్టెక్కేవాడికి నూనె ప్రమాదమని పెంటయ్యకు మాత్రం వేరే గంపలో మెత్తటి మట్టి జల్లించి ఉంచేవాడు. ఆ ముసలాయన చేతులకు అప్పటికే వణుకు. అయినా ఆ మట్టి ఆయనే జల్లించేవాడు.

పెంటయ్య పట్టు ఉడుంపట్టు. తాటిచెట్లను పట్టిన చేతులు కదా. కానీ ఎదుటివాడు ఛాతీ మీద బలంగా తోయగానే ఆయన వెనక్కి ఒరిగేవాడు. చెట్టు మీద వెనకాల మోకు ఉంటుంది. తాలీంలో వెనకాల ఏముంటుంది? వెల్లకిలా పడేవాడు. ప్రతిసారీ అదే తప్పు.

"బేటా, కుస్తీ పట్టుతున్నవా, మంచమ్మీద ఒరుగుతున్నవా?" అనేవాడు ఇమామ్ సాబ్.

గోడ మీద కూర్చున్న బీరప్ప, "పానుపు ఏసి పెట్టు సాబ్, జర మెత్తగ పడుతడు" అని అందుకునేవాడు. అందరూ నవ్వేవారు. అందరికన్నా ఎక్కువ పెంటయ్యే నవ్వేవాడు.

శివరాత్రి తర్వాత గుట్ట జాతరలో ఆఖరి కుస్తీ గెలిచినవాడికి వెండి కడియం తొడుగుతారు. ఇమామ్ సాబ్ తాలీంకు ఆ కడియం ఎన్నడూ రాలేదు. కళ్లు మూసేలోపు ఒక్కసారి దాన్ని తన శిష్యుని చేతికి చూడాలని ఆ ముసలాయన నమాజు తర్వాత దువా చేసుకునేవాడు. ఆ ఏడు ఆయన వేపబరిగె పట్టుకుని పెంటయ్య వెనకాలే నిలబడ్డాడు. ఒరిగినప్పుడల్లా వీపు మీద చిన్నగా తట్టేవాడు. ముందుకు, బేటా, ముందుకు. వానాకాలం పోయి చలి వచ్చేసరికి పెంటయ్య మారిపోయాడు. తోస్తే ముందుకు వంగి ఎదుటివాణ్ణి చుట్టేసుకునేవాడు. తాలీంలో ఇక ఆయన్ని పడగొట్టేవాడు లేడు. ఉస్తాద్ ముఖం పండుగలా ఉండేది.

జాతర దగ్గర పడిందనగా, ఒక పొద్దున గాలికి ఎండుమట్ట ఒకటి విరిగి పెంటయ్య భుజం మీద పడింది. ఉలిక్కిపడి ఆయన ముందుకు వంగాడు. చెట్టును చుట్టేసుకున్నాడు. మోకు వదులైంది. సగం చెట్టు దాకా జారి, పాత మట్టమొదలుకు కాలు తగిలి ఆగాడు. ఛాతీ మీద తోలు లేచిపోయింది.

కింద సోమమ్మ చూసింది. అరవలేదు. అరిస్తే ఆయన చెయ్యి వదిలేస్తాడేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆయన దిగాక పసుపు పెడుతూ అన్నది:

"కడియం తెస్తె నాకూ సంబురమే. గని చెట్టు మీద నీ ఎన్క నేనుండనయ్యా, మోకే ఉంటది. దాన్ని మరిస్తివా, నన్ను మరిచినట్టే."

ఆ తర్వాత చెట్టు మీద ఆయన మనసుతో చెప్పుకుని చెప్పుకుని వెనక్కి ఒరిగేవాడు. తనంత తానుగా ఒరిగే ఒళ్లు మాత్రం పోయింది. సోమమ్మ అన్ని పనులూ వదిలి, రెండు పూటలా చెట్టు కిందే నిలబడేది.

తాలీంలో మట్టి రుద్దుతుండగా ఇమామ్ సాబ్ చేతికి ఆ గాయం తగిలింది. పసుపు చూసి, సంగతి అడిగి తెలుసుకుని, ముసలాయన మూలనున్న వేపబరిగె అందుకున్నాడు. దాన్ని విరిచి బయట పారేశాడు.

"గీ జాతర మనకొద్దు బేటా. నేను కుస్తీ నేర్పుతున్ననుకున్న. నీ పానం తీస్తున్న."

"పేరు చెప్పి వచ్చినం ఉస్తాద్. గీ ఒక్కపారి పోనియ్యి. నీ కోసమే గాదు, నాకూ ఆశున్నది."

జాతర రోజు చీకటితోనే చెట్లు గీసి, పెంటయ్య గుట్ట దారి పట్టాడు. సాయంత్రపు గీతకు తిరిగి రావాలి. వెంట ఇమామ్ సాబ్, బీరప్ప. మొదటి కుస్తీలు ఆయన సులువుగా గెలిచాడు. తోసిన ప్రతివాణ్ణీ ముందుకు వంగి చుట్టేశాడు. జనం కేకలు వేస్తుంటే ఇమామ్ సాబ్ మాత్రం తల దించుకుని కూర్చున్నాడు. శిష్యుడు ముందుకు వంగినప్పుడల్లా ఆయనకు తాటిచెట్టు కనబడిందట.

ఆఖరి కుస్తీ హుజూర్‌నగర్ నుంచి వచ్చిన రఘుపతితో. మంచి పైల్వాన్, మర్యాదస్తుడు. పెంటయ్య ఛాతీ మీది గాయం చూసి పట్టు కిందికి మార్చుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు తలపడ్డారు. ఒక దశలో పెంటయ్యదే పైచేయి. రఘుపతి కాలు లేచింది, ఇంకొక్క పట్టు చాలు. అంతలో రఘుపతి తల వంచి, ఉన్న బలమంతా పెట్టి ఆయన్ని కడుపులో తోశాడు.

పెంటయ్య వెనక్కి ఒరిగాడు.

తండ్రి నేర్పినట్టే నడుము వదిలి, తల ఎత్తి, నిండుగా ఒరిగాడు. వెనకాల మోకు లేదు. వెల్లకిలా పడ్డాడు. డప్పులు మోగాయి. కడియం రఘుపతి చేతికి పోయింది. రఘుపతి ముందుగా పెంటయ్యను లేపి, వీపు మీది మట్టి దులిపాకే కడియానికి చెయ్యి చాపాడు.

పెంటయ్య కన్నీళ్లతో ఉస్తాద్ కాళ్లు పట్టుకోబోయాడు. తాను కావాలని ఒరగలేదని, ఒళ్లే ఒరిగిందని చెప్పుకున్నాడు. ఇమామ్ సాబ్ ఆయన్ని మధ్యలోనే ఆపి గుండెకు హత్తుకున్నాడు.

"గదే గావాలె బిడ్డా. నీ ఒళ్లు మోకును మరువలే. అల్లా నా దువా ఇనలే. నేను అడుగంది ఇచ్చిండు."

దారిలో బీరప్ప, "పానుపు ఏద్దామంటె మీరే ఇనకపోతిరి" అని నవ్వించబోయి, తానే ముక్కు చీదుకున్నాడు.

పొద్దు వాలకముందే ఊరు చేరారు. సోమమ్మ మోకు, లొట్టిలు పట్టుకుని చెట్టు కిందే ఉంది. గెలిచావా అని అడగలేదు. ఇమామ్ సాబ్ ఇంటికి పోకుండా, అంతదూరం నడిచిన కాళ్లతోనే తాటివనంలోకి వచ్చాడు. పెంటయ్య చెట్టుకు మొక్కి ఎక్కాడు. గాలి వీచి చెట్టు ఊగింది. సోమమ్మ కొంగు నోటిదాకా పోయింది. పైన పెంటయ్య తనంత తానుగా వెనక్కి ఒరిగాడు. మోకు కిర్రుమని బిగిసింది.

ఏడాది పొడుగునా ఆ మనిషిని ముందుకు ముందుకని బరిగెతో తట్టిన ముసలాయన, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ గొంతెత్తి అన్నాడు:

"ఎన్కకు, బేటా. ఇంక జర ఎన్కకు."