బావా అన్నాడని కొన్న పడవ

తెలివితక్కువవాణ్ణని ముందే ఒప్పుకుంటున్నాను. భార్య పోయాక మధురవాడ ఫ్లాటులో నన్ను పలకరించేవాళ్లే లేరు. తీరంలో పాత పడవలమ్మే అప్పలరాజు "నువ్వే సూసుకో బావా!" అనేసరికి కరిగిపోయాను. పుచ్చకాయను తట్టినట్టు పడవను తట్టి, కొత్త రంగు చూసి మురిసి కొనేశాను.

ఒంటరిగా తెడ్డేసుకుంటూ కాస్త దూరం వెళ్లానో లేదో, మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. కేకేస్తే పలికేవాళ్లు లేరు. టిఫిన్ డబ్బాతో తోడుకుంటూ, ఏడుస్తూ ఒడ్డుకు చేరాను. పడవ తేలలేదు కానీ నా తెలివి ఎంతో తేలిపోయింది.

మర్నాడు అప్పలరాజు మరొకరికి ఇంకో పడవ చూపిస్తుంటే, ఇసుక మీదున్న ఆ పడవలో బకెట్టుడు నీళ్లు పోశాను. అడుగునుంచి ధార కట్టింది.

"ఏటి సేత్తన్నావ్ బావా?"

"బావనన్నావు కదా, పరాచికాలాడుతున్నాను!"

ఆ తర్వాత నన్ను బావా అన్నవాళ్లు లేరు.