కందెన పూసిన సీల

యాభై ఏళ్ళుగా ఒక చెక్కముక్క బరువు మోస్తున్నాను. జానెడు కూడా ఉండదు. తుమ్మచెక్క. అంత చిన్నది ఇంత బరువెలా తూగుతుందని మీరు అడగవచ్చు. నేనూ రోజూ అడుగుతాను. నా పేరు ఇక్కడ రాయను. భయం. కాటికి కాళ్ళు చాపినవాడికి ఇంకా దేని భయమో నాకే తెలియదు. 

ఇన్నేళ్ళకు ఇది బయటికి రావడానికి కారణం మా అబ్బాయి లారీ.

వాడికి ఉన్నది ఒక్క లారీ. వాడే ఓనరు, వాడే డ్రైవరు. డీజిల్ తినేదాని కంటే, టైర్లు తినేదాని కంటే వాడిని ఎక్కువ తినేది ఇన్సూరెన్సు. బండి తిరిగినా కట్టాలి, ఇంటి ముందు నిలబడినా కట్టాలి. ఏడాదంతా ఒక్క కోడిపిల్లను తొక్కకపోయినా మరుసటేడు పెంచే కట్టమంటారు. పది లారీలున్న షావుకారుకు తగ్గిస్తారు, ఒక్క లారీవాడికి నీతులు చెబుతారు. ఇదేం న్యాయమని నేను ప్రతి ఏడూ అరిచేవాణ్ణి. వాడు మాత్రం నోరెత్తకుండా కట్టేవాడు. "పడ్డనాడు ఆసరైతది బాపు" అనేవాడు.

పడ్డనాడు రానే వచ్చింది. ఈ వానాకాలంలో గుట్ట దిగుతుంటే బండి బోల్తా కొట్టింది. వాడు బతికాడు, బండి సగం పోయింది. కంపెనీవాళ్ళు మూడు వరుసల ఉత్తరం పంపారు. విచారించారట. బ్రేకులు ముందునుంచే బాగాలేవట. కాబట్టి ఏమీ రాదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. ఎడ్లబండి తోలే రోజుల్లో, ముందు మొగ మీద కూర్చుని, ఒక చిరిగిన వాచకం ఒళ్ళో పెట్టుకుని, ఎద్దులు నడుస్తుంటే అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత గ్రంథాలయంలో పాత పత్రికలన్నీ నమిలాను. మా ఊళ్ళో అర్జీ అంటే నా దగ్గరికే వస్తారు. అందుకే మావాడి అర్జీ కూడా నేనే అందుకున్నాను. రెండు పేజీలు నిప్పులు కక్కాను. చివర ఇలా రాశాను: "విచారించామంటున్నారు. బండి దగ్గరికి వచ్చి, నడుం వంచి, చక్రం చూసినవాడు మీలో ఎవడు?"

అక్కడ కలం ఆగింది.

ఆ ప్రశ్న నాది కాదు. అది ఎల్లయ్యది. అతను అడగాల్సింది, మమ్మల్ని. అతను అడగలేదు కూడా.

చెబుతాను. తొందరపెట్టకండి.

అది రజాకార్ల కాలం. మా ఊరినుంచి ఆలేరు స్టేషనుకు బండి మీద రెండు రోజుల దారి. ఏడు బండ్లం కిరాయికి తోలేవాళ్ళం. ఎవరి బండి వాళ్ళది, ఎవరి ఎద్దులు వాళ్ళవి, ఎవరికీ జీతగాళ్ళం కాదు. పోయేటప్పుడు ఆముదాలు, వచ్చేటప్పుడు ఉప్పు, దీపాలకు గ్యాసునూనె. దారిలో ఒకచోట నిజాం మీద పోరాడే సంఘం వాళ్ళు రోడ్డు తవ్వేవారు, ఒకచోట పోలీసులు ఆపేవారు, రజాకార్లు ఎక్కడ ఎదురవుతారో దేవుడికే తెలియాలి. ఏడు బండ్లకూ కలిపి ఒక్కటే పర్వానా, సరుకు తోలే అనుమతి కాగితం. అది ముందుబండి తోలే నర్సయ్య పెద్దాయన రుమాలు మడతలో ఉండేది. బండ్లు వరుసలో ఉన్నంతసేపే ఆ కాగితం మనది. వెనుకబడ్డ బండికి కాగితం లేనట్టే. ఆ బండిలో ఉన్నది సంఘానికి పోయే గింజలని రజాకార్లు అన్నా అడిగే దిక్కుండదు.

మాకూ ఒక కట్టుబాటు ఉండేది. ఇన్సూరెన్సు అన్న మాట మేం వినలేదు, కానీ పని అదే. దారిలో ఎవరి ఎద్దు పోయినా, బండి పోయినా, తక్కినవాళ్ళందరూ తలా ఒక కిరాయి, అంటే ఆలేరుకు ఒకసారి పోయి వస్తే దొరికేది, అతనికి ఇవ్వాలి. ఆ పాడుకాలంలో నష్టాలు ఎక్కువై ఒక కిరాయి రెండైంది. నేను సణిగేవాణ్ణి. నా ఎద్దులకు ఏమీ కాలేదు, నేనెందుకు ఇవ్వాలి అని. చూశారా, అప్పుడూ నాకు కోపమే. ఇచ్చేటప్పుడు కోపం, ఇప్పుడు రానందుకు కోపం.

ఆ కట్టుబాటుకు రెండు ముడులున్నాయి. వరుస తప్పినవాడికి ఏమీ రాదు. రెండోది, ఎవరి అజాగ్రత్త వల్ల ఇంకొకరు ఆగి నష్టపోయారో, ఆ నష్టమంతా వాడొక్కడే పూడ్చాలి.

చక్రం జారిపోకుండా ఇరుసు కొనకు ఒక ఇనుపసీల గుచ్చుతారు. బయల్దేరే ముందు ఎవరి సీల వాళ్ళు చూసుకోవాలి. ఆ రోజు నేను చూసుకోలేదు. నాకు అప్పటికి పెళ్ళయి నెల కాలేదు. ఆ పొద్దున ధ్యాస ఎక్కడుందో చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం వేళ, గుట్ట మలుపులో, సీల ఎక్కడో పడిపోయింది. చక్రం ఊగుతోంది. నాది ఆరో బండి. నా వెనుక ఎల్లయ్య ఒక్కడే. వరసకు మామ అని పిలిచేవాణ్ణి. "మామా, జర ఆగు!" అని అరిచాను. ముందువాళ్ళు మలుపు తిరిగిపోయారు, వాళ్ళకు వినపడలేదు. ఎల్లయ్య ఆగాడు. దిగాడు. పక్కనున్న తుమ్మకొమ్మ నరికి, కొడవలితో చెక్కి, నేను భుజంతో చక్రం లేపి పట్టుకుంటే సీల గుచ్చి రాయితో దిగ్గొట్టాడు. ఆ చెక్కుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. "పెండ్లాం మీద ఉన్న ధ్యానం సీల మీద ఉంటదారా? నువ్వు గాదు, నీ ఎడ్లు నయం. గవ్విటికి దారన్నా ఎరుక."

అతని ఎద్దులు ముసలివి, నావి కోడెలు. సీల పడగానే నేను బండి ఎక్కి అదిలించాను. మలుపు తిరిగాను, వరుసను అందుకున్నాను. వెనక్కి చూడలేదు. చూస్తే ఆగాల్సి వస్తుంది. ఆగితే నేనూ కాగితం లేనివాణ్ణవుతాను. అతను కొడవలి సర్దుకుని, బండి ఎక్కి, ముసలి ఎద్దులను లేపి నడిపించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్తసేపు నేను ఆగలేకపోయానా? ఆగలేకపోయాను. ఇది నా మొదటి తప్పు, కానీ నేను ఒప్పుకోవడానికి కూర్చున్నది ఇది కాదు. భయపడ్డవాణ్ణి దేవుడైనా కొంత అర్థం చేసుకుంటాడు.

మరుసటి రోజు ఆలేరులో గోదాము ముందు బస్తాలు దించుతున్నాం. ఎల్లయ్య నడిచి వచ్చాడు. బండి లేదు. ఎద్దులు లేవు. వీపంతా వాచి, చర్మం చిట్లి ఉంది. రజాకార్లు పట్టుకున్నారు. పర్వానా ఏదన్నారు. ముందుబండిలో ఉందంటే నమ్మలేదు.

అతను దూరంగా కనపడగానే నేనేం చేశానో తెలుసా? పరుగెత్తి ఎదురుపోలేదు. నీళ్ళివ్వలేదు. బండి చాటుకు పోయి, కందెన కుండలో వేలు ముంచి, తెల్లగా కనపడుతున్న ఆ కొత్త చెక్కసీలకు నల్లగా పూశాను. ఇనుపసీలలా కనపడేదాకా పూశాను. ఎవరూ నేర్పలేదు. ఆలోచించలేదు కూడా. చెయ్యి దానంతట అదే పోయింది. మనిషిలో అంత తెలివి ఎక్కడ దాగి ఉంటుంది, సరిగ్గా అలాంటప్పుడే లేచొస్తుంది?

నర్సయ్య పెద్దాయన బస్తా మీద కూర్చున్నాడు. అందరం చుట్టూ నిలబడ్డాం.

"ఎందుకు ఆగినవ్ ఎల్లయ్యా?"

"గీ పిలగాని సీల ఊడిందన్నా. పిలిచిండు, ఆగిన."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏంరా, నీ సీల ఊడిందా?"

"లేదు."

"మరి గీన ఎందుకు ఆగిండు?"

"నాకేమెరుక? ఈదుచెట్లకాడ జర కల్లు తాగనీకె ఆగిండేమో."

ఇంకో బండివాడు కిసుక్కున నవ్వాడు. "గట్లనే అయ్యుంటది. ఒకపారి ఎడ్లే ఎల్లన్నను ఇంటికి తోలుకొచ్చినయి గాదె!" అందరూ నవ్వారు. ఎల్లయ్య నవ్వలేదు. నన్నే చూశాడు. "నేను తాగలే బిడ్డా" అన్నాడు. అబద్ధమాడుతున్నావని అనలేదు. బిడ్డా అన్నాడు. తర్వాత పెద్దాయనతో, "బండి గాన్నే ఉన్నది గదన్నా. సీల చూడుండ్రి" అన్నాడు.

పెద్దాయన లేవలేదు. కూర్చున్నచోటు నుంచే మెడ సాచి చూశాడు. "నల్లగనే కనబడ్తాంది. ఇనుపదే" అన్నాడు.

అంతే. విచారణ అయిపోయింది.

ఊడిందని ఒప్పుకుంటే నా కోడెల్లో ఒకటి ఎల్లయ్యకు పోయేది, బండి నష్టానికి రెండోదీ పోయేదేమో. ఒకదాన్ని దూడనుంచి నేనే పెంచాను. రెండోది మా అవ్వ వెండి కడియాలు అమ్మి తెచ్చాను. అవి పోతే నేనేం కావాలి? ఇట్లా లెక్క వేసుకున్నాను. ఎల్లయ్య ఏం కావాలన్నది ఆ లెక్కలో లేదు. చాలా ఏళ్ళు ఇంకొక మాటతో నన్ను నేను కాపాడుకున్నాను: వాళ్ళు మాత్రం లేచి ఎందుకు చూడలేదు? పది అడుగులు నడిస్తే తెలిసేది. నడిస్తే నష్టమంతా నా ఒక్కడి మీదే పడేది, వాళ్ళ చేతినుంచి ఏమీ పోదు కదా? అయినా ఎందుకు నడవలేదు? ఏమో. సోమరితనమో, ఎండో, నా మాట మీద నమ్మకమో. నమ్మకమే అయితే నా తప్పు ఇంకా పెద్దది. వాళ్ళ మీదికి ఎంత తోసినా కందెన నా వేలికే ఉంది.

పైసా రాని ఎల్లయ్య మళ్ళీ బండి కట్టలేదు. ఆలేరు స్టేషనులో హమాలీ అయ్యాడు. ఆ వాచిన వీపు మీదే బస్తాలు మోశాడు. నా బండికీ మోశాడు. మోసిన ప్రతిసారీ, బస్తా దించాక, చక్రం దగ్గర వంగి సీలను అరచేత్తో తట్టి, "గట్టిగున్నదిరా, పో" అనేవాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే నేను బతికిపోయేవాణ్ణి.

పోలీసు చర్య జరిగింది. అదే దారిలో మిలిటరీ లారీలు వచ్చాయి. నేను మొదటిసారి లారీని చూసింది అప్పుడే. రజాకార్లు పోయారు, పర్వానాలు పోయాయి. ఇక భయం లేదు కదా, ఇప్పుడు చెప్పవచ్చు కదా అనుకున్నాను. చెప్పలేదు. భయం పోయింది, సాకు కూడా పోయింది, నోరు మాత్రం రాలేదు. మామ నాలుగైదేళ్ళకు పోయాడు. పాడె మోశాను. అప్పుడూ చెప్పలేదు. పెద్దాయన పోయాడు, తక్కినవాళ్ళూ పోయారు. ఆ రోజు గోదాము ముందు నిలబడ్డవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను.

ఎల్లయ్య బిడ్డ సత్తెమ్మ ఇంకా ఉంది. ఆలేరు బస్సుల దగ్గర పల్లీలు అమ్ముతుంది. రెండేళ్ళ కింద ఆమె దగ్గర పల్లీలు కొంటుంటే, తాగి వచ్చిన కొడుకును తిడుతోంది: "మా నాయిన గీ కల్లుకే బండి, ఎడ్లు పోగొట్టి బస్తాలు మోసి సచ్చిండు. నీకు సుత గదే గతి పడుతది."

ఆ మాట నాది. నేను గోదాము ముందు పుట్టించిన మాట. అది పెరిగి, పెద్దదై, తండ్రి పేరు మీద కూర్చుని, మనవణ్ణి తిడుతోంది. నేను పల్లీలు తీసుకుని వచ్చేశాను. పొట్లం విప్పలేదు.

అర్జీ రేపు పూర్తి చేస్తాను. మావాడి బ్రేకులు బాగున్నాయని నాకు తెలుసు. వాడికి న్యాయం అడిగే హక్కు వాడికుంది. నాకుందా? లేదు. అయినా నా చేతిరాతలోనే పోతుంది, ఆ చక్రం ప్రశ్న కొట్టేయను.

ఈ కాగితం మాత్రం సత్తెమ్మది. ఆమెకు చదువు రాదు. ఈ సంగతి ఇప్పుడే, ఇంత రాశాక గుర్తొచ్చింది. పోస్టులో పడేసి చేతులు దులుపుకోవడానికి లేదు. ఎవరితోనో చదివించుకోమనడానికీ లేదు. బస్సుల దగ్గర, ఆమె గంప ముందు కూర్చుని, నేనే చదవాలి. అప్పుడు పేరు దాచడానికి ఏముంటుంది? ఆమె ఏమంటుందో తెలియదు. మొహాన ఉమ్మినా తుడుచుకోను. క్షమించమని అడగను, అది అడిగే మొహం కాదు నాది. ఇనుపసీల వేశాక పీకి దాచిన ఆ చెక్కసీల నా దగ్గరే ఉంది, ట్రంకు పెట్టెలో. కందెన ఎండి గట్టిపడింది. గోరుతో గీస్తే లోపల చెక్క ఇంకా తెల్లగానే ఉంది. దాన్నీ తీసుకుపోతాను.

గొంతు రాకపోతే ఎట్లా అని ఇందాక ఒక్కణ్ణే కూర్చుని పైకి అని చూశాను. వచ్చింది. ఛాతీ మీదినుంచి బస్తా ఒక్కటి దిగినట్టుంది, ఒక్కటే. పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు అది, ఇన్నేళ్ళు ఆలస్యంగా:

"ఊడింది పెద్దయ్యా. నా సీలే ఊడింది. నేను పిలిస్తెనే మామ ఆగిండు."